నాగవల్లి చేతి కొలత

క్లాంగ్,
మలేషియా, 3 మార్చి 2024.

బావగారు జయకుమార్ గారికి,

మోహన్‌రాజ్ రాస్తున్నాను. చింపేసేముందు కనీసం సగం పేజీ చదవండి. ఫోను చేస్తే ఎత్తరు. వాట్సాప్‌లో నన్ను ఎప్పుడో బ్లాక్ చేశారు. ఏడాదికోసారి మీ చెల్లెలి పుట్టినరోజుకి ఫోను చేస్తారు, వెనక నా దగ్గు వినపడితే చాలు, పెట్టేస్తారు. పదకొండేళ్లుగా ఇదే వరస. ఆ పాత సంగతి తవ్వడానికి కాదు ఈ ఉత్తరం. అవసరం నాది కాబట్టి నేనే తగ్గి రాస్తున్నాను.

జనవరి 18 మధ్యాహ్నం మూడింటికి మా నగల కొట్టు మీద దొంగలు పడ్డారు. ఇద్దరు. తలకి హెల్మెట్లు, చేతుల్లో పరాంగ్ కత్తులు. మా కొట్టుకి రెండు తలుపులు. వీధి తలుపు దాటితే ముగ్గురు నిలబడేంత చోటు, ఆ తర్వాత లోపలి అద్దాల తలుపు. వచ్చినవాళ్లని చూసి, నమ్మకం కుదిరితే కవుంటరు కింద పచ్చ బొత్తాం నొక్కుతాం, లోపలి తలుపు తెరుచుకుంటుంది. ఇంటివాళ్లకైతే నంబరు ఉంది. ఆ రోజు నాగవల్లి ఎదురుగా ఉన్న బండి దగ్గర అరటిపండు బజ్జీలు కొనుక్కుని తిరిగొస్తోంది. వాళ్లు ఆమె వెనకే తోసుకుంటూ దూరారు. నంబరు నొక్కింది. సరిగ్గా ఆ వేళకే మిషను మొరాయించింది. మన ఖర్మ. చేతి మీద చిన్న గాటు పడింది. గాజులూ గొలుసూ లాక్కుపోయారు. కొట్లో మాత్రం ఒక్క గ్రాము పోలేదు, దేవుడి దయ.

అప్పటినుంచి ఆమె కొట్టుకి రావడం లేదు. ఇరవై ఆరేళ్లు నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఇప్పుడు ఇంట్లో వంటగది తలుపు కూడా వేయనివ్వదు. కొనుక్కోడానికి వచ్చినవాళ్లు ‘అక్క ఏరి?’ అని అడుగుతుంటే జవాబు చెప్పలేక చస్తున్నాను.

అందుకని ఆమెకొక పిస్టల్ కొందామని నిశ్చయించాను. నాకున్నట్టే ఆమెకీ సొంతంగా సర్కారు తుపాకీ లెసెన్ తీయిస్తాను. మీరు ఇరవై ఎనిమిదేళ్లు పోలీసు ఆయుధాల గదిలో పనిచేశారు. ఏ తుపాకీ ఆమెకి సరిపోతుందో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అది చెప్పండి, కాల్చడం నేర్పండి, ఆమె తుపాకీ పట్టగలదని మా పోలీసు బాలైలో ఇన్‌స్పెక్టరుకి ఒక ఉత్తరం రాసివ్వండి. మీ సంతకానికి అక్కడ విలువుంది.

తెలుగులో ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. కొట్లో పనిచేసే లోగేశ్వరికి తమిళం, మలాయ్, ఇంగ్లీషు మూడూ వచ్చు. నాగవల్లికి మన భాష మాట్లాడడమే గాని చదవడం రాదు. తుపాకీ మాట ముందే తెలిస్తే వద్దంటుంది. కాబట్టి జవాబు కొట్టు అడ్రసుకే, తెలుగులోనే రాయండి.

మీ చెల్లెలి భర్త,
మోహన్‌రాజ్

•

జార్జ్ టౌన్,
9 మార్చి.

మోహన్‌రాజ్‌కి,

నా చెల్లెలి మీద కత్తి పడిన ఏడు వారాలకి నాకు కబురు. అదీ నగల ఆర్డరు పుస్తకంలోంచి చింపిన కాయితం మీద! పైన నీ కొట్టు పేరు, లక్ష్మీదేవి బొమ్మ, వెనక కార్బన్ మరక. నా చెల్లి ప్రాణం నీకు వంకీ ఆర్డరు లాగుందా?

పాత సంగతి తవ్వనన్నావు. నేను తవ్వుతాను. మా నాన్న వీరాస్వామి బంటింగ్ దగ్గర ఎస్టేట్‌లో వాచ్‌మేన్. ఆయన ఒంటిగొట్టం తుపాకీ లెసెన్ ఆయన పేరు మీద ఉంది, ఆయనతో పోయింది. మూడోనాడు బూడిద ఎత్తకముందే నువ్వు గోడ మీంచి దాన్ని దింపినావు. ఏటి చేస్తావంటే కొట్లో అలంకారానికి పెడతానన్నావు. నేను లాక్కుని బాలైలో అప్పగించి రసీదు తెచ్చినాను. చుట్టాలందరి ముందు నన్ను ‘పోలీసోళ్ల కుక్క’ అన్నావు. ఆ రోజు నేను ఊరుకుంటే నువ్వు జైల్లో ఉండేవాడివి. ఇప్పటికీ నీకు తుపాకీ అంటే అలంకారమే. అప్పుడు కొట్టుకి, ఇప్పుడు పెళ్లానికి.

ఒకటి తెలుసుకో. లెసెన్ ఎవరి పేరు మీద ఉంటే తుపాకీ వాళ్ల చేతిలోనే ఉండాలి. నీ తుపాకీ ఆమె చేతిలో ఒక్క నిమిషం పెట్టినా మీ ఇద్దరికీ జైలే. ఆమె పేరున కావాలంటే అడగవలసింది ఆమె. నీ ఉత్తరంలో నువ్వు అడిగినావు, నీ కొట్టు అడిగింది, కొనుక్కోడానికి వచ్చినోళ్లు అడిగినారు. నాగవల్లి అడిగిన మాట ఎక్కడా కనపడలేదు.

అయినా అడిగినవాటికి జవాబు కావాలంటే ముందు నాకు జవాబులు కావాలి. ఆమె చేతి కొలత ఎంత? తుపాకీ ఎక్కడ పెట్టుకుంటుంది, సంచీలోనా, సొరుగులోనా, నడుముకా? రెండు చేతుల్తో పై మూత వెనక్కి లాగే బలం ఉందా? నెలకి రెండుసార్లు తప్పకుండా వెళ్లి కాలుస్తుందా? కొని బీరువాలో పెట్టేదానికైతే ఇనుప ముక్కెందుకు, నిమ్మకాయలు కట్టుకో.

జయకుమార్

•

క్లాంగ్,
16 మార్చి.

జయకుమార్ గారికి,

మీ మర్యాద చాలా బాగుంది. పెన్షన్ వచ్చాక కూడా యూనిఫాం విప్పలేదన్నమాట.

ఆర్డరు పుస్తకంలో రాయడం నా అలవాటు. ముప్పై ఏళ్లుగా కార్బన్ పెట్టకుండా నేను ఒక్క అక్షరం రాయలేదు. పై కాయితం మీకు, కింద కాయితం నాకు. ఎవరు ఏ మాట అన్నారో రేపు రుజువుండాలి. మీలాంటివాళ్లతో వ్యవహారంలో మరీ ఉండాలి.

ఇక కొలతలు. గాజు సైజు రెండు పాయింట్ ఆరు. కుడి చూపుడువేలు ఉంగరం పదహారు, ఉంగరపువేలు పద్నాలుగు. పెళ్లి నాటి నుంచీ నా పుస్తకంలో ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా ఉండదు. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటుంది. బలం సంగతంటారా, ఆమె పిండి పిసికితే చూడాలి మీరు.

కౌలాలంపూర్‌లో లెసెన్ ఉన్న తుపాకుల దుకాణానికి వెళ్లి ఒకటి చూసొచ్చాను కూడా. చిన్నది, అరచేతిలో ఇమిడిపోతుంది. తెల్లటి పిడి, ముత్యపు చిప్ప లాగ మెరుస్తుంది. ‘ఆడవాళ్లకి ఇదే బాస్, ఎవరికీ భారం ఉండదు లా’ అని మాట చివర ‘లా’ తగిలించి మరీ చెప్పాడు అమ్మేవాడు. నాకూ నచ్చింది. మీరు ఊఁ అంటే ఆ పిడి మీద ఆమె పేరు చెక్కిస్తాను. ఆమెని అడగలేదని దెప్పారు. భయపడిన మనిషిని ‘నీకు తుపాకీ కావాలా’ అని అడుగుతారా ఎవరైనా? భర్తననే మాటకి అర్థం ఏమిటి? అడగకుండా చేసిపెట్టడమేగా.

మోహన్‌రాజ్

•

జార్జ్ టౌన్,
22 మార్చి.

మోహన్‌రాజ్‌కి,

గాజుల సైజు! ఉంగరం నంబరు! ఒరే, పిస్టల్ మోచేతి దాకా తొడుక్కుంటుందనుకున్నావా? నీ ఉత్తరం మా ఆవిడ శాంతాదేవికి చదివి వినిపించినాను. నవ్వు ఆపుకోలేక పడీ పడీ దగ్గింది. తర్వాత ఆమే అంది, ‘నవ్వకండి, ఆ పిల్ల బతుకు ఇది’ అని. నవ్వు పోయింది.

విను. ఆడదానికి చిన్నది బాగుంటుందన్నవాడు తుపాకీలు అమ్ముతాడే గాని కాల్చడు. తుపాకీ ఎంత చిన్నదైతే అంత గట్టిగా తంతుంది. బరువైనది తన బరువుతో ఆ దెబ్బని తాను తినేస్తుంది, తేలికైనది చేతికి పంచిపెడుతుంది. మా దగ్గరికి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు చిన్న పిస్టల్ ఒకసారి పేల్చి కింద పడేసేవారు. అదే పెద్దది ఇస్తే నిలబడి కాల్చేవారు. పిడి లావు అరచేతికి కుదరాలి. బొటనవేలి మొదలు నుంచి చూపుడువేలు నడిమి గీత దాకా ఎంత దూరమో చూడాలి, ట్రిగ్గర్ అక్కడ అందాలి. హ్యాండ్‌బ్యాగులో పెడితే కావలసినప్పుడు చేతికి వచ్చేది లిప్‌స్టిక్కే. నీ ముత్యపు చిప్ప పిడి చెమట చేతికి చేపలా జారుతుంది. పేరు చెక్కిస్తాడట, పేరు!

తెల్ల కాయితం తీసుకో. నాగవల్లి కుడిచెయ్యి దాని మీద పెట్టించు. వేళ్లు కొంచెం విడదీసి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పంపించు. ఆ మాత్రం వచ్చునా, దానిక్కూడా ఉంగరాల పుస్తకం చూస్తావా?

ఇంకొక్కటి. నీకు లెసెన్ ఉంది, పిస్టల్ ఉంది. ఆ రోజు అది ఎక్కడ ఉంది?

జయకుమార్

•

క్లాంగ్,
29 మార్చి.

జయకుమార్‌కి,

నా పిస్టల్ నడుముకే ఉంది. వాడలేదు. వాడనందుకు బాలైలో ఇన్‌స్పెక్టరే మెచ్చుకున్నాడు. నీకు లెక్క అప్పజెప్పాల్సిన అవసరం నాకు లేదు. నువ్వు ఇరవై ఎనిమిదేళ్లు తుపాకులకి నూనె రాశావు. ఎప్పుడైనా ఎవరైనా నీ మీదకి కత్తి ఎత్తారా? ఏసీ గదిలో కూర్చుని నీతులు చెప్పడం సులువు.

చెయ్యి గీసి పంపుతున్నాను. ఎందుకని అడిగింది. కొత్త ఉంగరం చేయిస్తున్నానని చెప్పాను. కాయితం మీద చెయ్యి పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఏ పిస్టలో పేరు రాయి. బాలైకి ఉత్తరం రాయి. దానితో మన వ్యవహారం ముగుస్తుంది.

మోహన్‌రాజ్

•

జార్జ్ టౌన్,
4 ఏప్రిల్.

మోహన్‌రాజ్‌కి,

నువ్వు పంపింది ఎడమచెయ్యి.

కాయితం తిరగేస్తే ఎడమ కుడి అయిపోతుందనుకున్నావేమో. నా చెల్లెలి ఎడమచేతి చిటికెనవేలు కొస వంకరగా ఉంటుంది. చిన్నప్పుడు తలుపులో పడి అలా అయింది. నీ పెన్సిల్ ఆ వంకర కూడా గీసింది. నగలవాడివి కదా, గీత బాగా గీస్తావు.

వెంటనే నాగవల్లికి ఫోను చేసినాను. పుట్టినరోజు కాదు కదా, కంగారు పడింది. ‘కుడిచెయ్యి ఏటైందమ్మా?’ అని రెండుసార్లు అడిగినాను. తర్వాత చెప్పింది. ‘రెండు నరాలు తెగినాయి అన్నియ్యా. చూపుడువేలు, మధ్యవేలు మడత పడవు. రెండు ఆపరేషన్లు అయినాయి, ఆగస్టులో మూడోది. నీకు చెప్పొద్దన్నారు’ అంది. ఇదా నీ చిన్న గాటు? మడత పడని వేలికి ట్రిగ్గర్ కొంటావా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నాను. చెయ్యి తెగినాక తుపాకీ పట్టించేవాణ్ణి నిన్నే చూసినాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గాటు సంగతిలో అబద్ధమాడినవాడు తలుపు సంగతిలో నిజం చెప్పుంటాడా అనిపించింది. అలాంటి తాళాలు ఉన్న కొట్లని తనిఖీ చేసే బృందంలో నేను మూడేళ్లు ఉన్నాను. నీలాంటి నగలవాళ్లందరికీ నేనే బొత్తాలు నొక్కి చూపించినాను. మిషను చెడితే ఆ తలుపు తెరుచుకుంటుంది, మూసుకోదు. కరెంటు పోయినా తెరుచుకుంటుంది. నిప్పంటుకుంటే లోపలి మనుషులు చావకూడదని అలా పెడతారు. సరైన నంబరు నొక్కినా తలుపు తెరుచుకోకూడదంటే ఒక్కటే దారి. కవుంటరు కింద ఎర్ర బొత్తాం ఒకటుంటుంది. దాన్ని మనిషి నొక్కి పట్టుకోవాలి. వేలు తీస్తే, బయట నొక్కిన నంబరుకి తలుపు తెరుచుకుంటుంది.

మిషను మొరాయించిందని నాకు రాసినావు, బాలైలో చెప్పినావు, నా చెల్లికీ చెప్పినావు. ఎర్ర బొత్తాం మీద ఎవరి వేలుంది?

జవాబు రాయి. రాయకపోతే తర్వాతి రైలుకే నేను క్లాంగ్‌లో దిగుతాను. ఆ ప్రశ్న నాగవల్లి ముందు అడుగుతాను.

జయకుమార్

•

క్లాంగ్,
10 ఏప్రిల్.

బావా,

నా వేలే.

ఆమె నంబరు నొక్కుతోంది. వెనక కత్తులు. తలుపు తెరుచుకుంటే ముగ్గురూ లోపలికి వస్తారు. లోపల నేనున్నాను, లోగేశ్వరి ఉంది, నరసమ్మ అని ఒక ముసలావిడ మూడేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని చెవిపోగులు కొనడానికి వచ్చి కూర్చుంది. నువ్వయితే ఏం చేస్తావు? మీ చెల్లెలు అటు పక్క ఉండగా అద్దంలోంచి కాలుస్తావా? నొక్కి పట్టుకున్నాను. అందులో తప్పు లేదని ఇవాళ కూడా అంటాను. ఎక్కడికైనా వచ్చి అంటాను.

అంతవరకే అయితే నిజమే చెప్పేవాణ్ణి బావా.

వాళ్లు వెళ్లిపోయారు. మోటార్‌సైకిల్ చప్పుడు వీధి మలుపు దాకా విన్నాను. లోగేశ్వరి ‘తెరవండి ముదలాళీ, తెరవండి’ అని నా మీద కేకలు పెట్టింది. నా వేలు లేవలేదు. నాగవల్లి అద్దానికి చెయ్యి ఆనించి నిలబడింది. అద్దం మీద నెత్తురు జారుతోంది. నన్నే చూస్తోంది. కుడిచెయ్యి కిందికి వేలాడేసి ఎడమచేత్తో మళ్లీ నంబరు నొక్కింది. నేను ఇంకా పట్టుకునే ఉన్నాను. మళ్లీ వస్తారేమోనని, వీధి తలుపు బార్లా ఉందని, ఏదో అనుకున్నాను, ఏమనుకున్నానో నాకే తెలియదు. కెమెరాలో తర్వాత చూశాను. వాళ్లు పోయాక నాలుగు నిమిషాలు. చివరికి ఆ నరసమ్మగారే కవుంటరు వెనక్కి వచ్చి, ‘ఏటయ్యా ఇది’ అంటూ నా చెయ్యి పట్టుకు లాగింది. తలుపు తెరుచుకుంది.

పచ్చ బొత్తాం నొక్కుతూనే ఉన్నాను, మిషను వినలేదని ఆస్పత్రిలో నాగవల్లికి చెప్పాను. ‘పోనీండి, మీరేం చేస్తారు’ అని నన్ను ఓదార్చింది. కట్టు కట్టిన చేత్తో! ఆ మాట నన్ను పడుకోనివ్వదు. ఆమె దగ్గరొక పిస్టల్ ఉంటే, మళ్లీ అలాంటి రోజు వస్తే, నా వేలి మీద ఆధారపడక్కర్లేదు కదా. అందుకే కొందామనుకున్నాను. ఆమె కోసమో నా కోసమో, ఏమో.

నన్ను తిట్టు. కొట్టడానికి రా, తలుపు తీసే ఉంచుతాను. నాగవల్లికి మాత్రం చెప్పకు. ఇదొక్కటే అడుగుతున్నాను. తెలిస్తే ఆమె నాతో ఒక్క రోజు ఉండదు.

మోహన్‌రాజ్

•

క్లాంగ్,
మొదలుపెట్టింది 18 ఏప్రిల్, అయింది 27 ఏప్రిల్.

అన్నియ్యకి, ఇన్నాళ్లూ ఏవండీ అని పిలిచిన మనిషికి,

ఇది ఎడమసేత్తో రాస్తన్నాను. అచ్చరాలు కోడి గీసినట్టున్నాయి, సదువుకోండి. రోజుకి ఆరేడు వరసలకన్నా రావట్లేదు. ఒకే ఉత్తరం ఇద్దరికీ. ఒకటి జార్జ్ టౌన్‌కి పోస్టులో, దీని జిరాక్సు కొట్లో కవుంటరు మీద.

నాకు తెలుగు సదవడం రాదని ఎవరు సెప్పినారు మీకు? అన్నియ్య మలాయ్ బడికి, ఆ తర్వాత పోలీసు ట్రైనింగుకి పోయినాడు. నేను నాన్న దగ్గర ఉన్నాను. మధ్యాన్నం డ్యూటీ దిగి వచ్చి గోడ మీద బొగ్గుతో అచ్చరాలు రాసి దిద్దించేవోడు. మీరిద్దరూ ఒక్కనాడూ అడగలేదు. అడగనిదాన్ని నేనెందుకు సెప్పుకుంటాను?

పోయిన ఆదివారం లోగేశ్వరి ఇంటికి వచ్చింది. ఆర్డరు పుస్తకం నా ముందు పెట్టి, ‘అక్కా, ఇదు ఎన్న ఆర్డర్ లా? ఇదేం ఆర్డరు? ముదలాళి పేజీలు పేజీలు రాసినారు, ఒక్క గ్రాము కూడా ఎయ్యలేదు’ అంది. నిజంగా అర్థంకాక తెచ్చిందో, నాకు తెలియాలని తెచ్చిందో నేనడగలేదు. కార్బన్ కాయితాలు నాలుగూ సదివినాను. మధ్యలో అన్నియ్య ఉత్తరాలు మడిచి ఉన్నాయి, అవీ సదివినాను. నా సెయ్యి గురించి ఇద్దరు మొగోళ్లు నెల పైగా రాసుకున్నారు. గాజు సైజంట. వేలి నడిమి గీతంట.

ముందు అన్నియ్యతో. నా సిటికెనవేలు తలుపులో పడి వంకరపోయిందని రాసినావు. తలుపు తనంతట తాను పడిందా? నాకు పదకొండేళ్లు, నీకు పదహారు. గాయం తగిలిన అడివి పంది ఎస్టేటు కూలోళ్ల లైను ఇళ్ల మధ్యకి వచ్చేసింది. నాన్న తుపాకీ గుమ్మం పక్కనే ఉంది. నువ్వు దాన్ని తీసుకొని లోపలికి దూకి తలుపేసినావు. నా సేతి ఏళ్లు తలుపు సందులో ఉన్నాయి. గొళ్లెం కూడా పెట్టినావు. నేను నీళ్ల తొట్టిలో దూకి బతికినాను. నాన్నకి నేను సెప్పలేదు, నువ్వూ సెప్పలేదు. పెద్దయినాక ఇరవై ఎనిమిదేళ్లు తుపాకుల గదిలో తాళం ఏసుకొని కూర్సున్నావు. ఎదటోణ్ణి అడిగేముందు నీ వేలు ఎక్కడుందో సూసుకో. నువ్వు అడిగినందుకే నాకు నిజం తెలిసింది, ఆ మాట కాదనను. కానీ నువ్వు అడిగినంత గట్టిగా నాన్న అడిగుంటే నువ్వు ఏటి సెప్పేవోడివి?

ఇంక నువ్వు. ఇరవై ఆరేళ్లు మీరు అన్నాను, ఇవాళ నువ్వు అంటాను. కత్తులోళ్లు ఉన్నప్పుడు నొక్కి పట్టుకున్నావు. బాగానే సేసినావు. లోపల పిల్ల ఉంది. నన్నడిగితే నేనూ నొక్కమనేదాన్ని. దానికి నాకు కోపం లేదు, దేవుడి తోడు. ఆళ్లు పోయినాక నాలుగు నిమిషాలు నన్ను సూస్తా నిలబడినావు. నేను నీ మొకమే సూస్తన్నాను. పాపం, పచ్చ బొత్తాం నొక్కి నొక్కి మనిషి ఎంత అల్లాడిపోతన్నాడో అనుకున్నాను. నా నెత్తురు నా కాలి మీద పడతంటే నేను నీ మీద జాలి పడినాను! ఆ జాలి నాకు ఎనక్కి ఇచ్చెయ్యి. సెయ్యి పోతే పోనీ. ఆ జాలి గుర్తొస్తే ఒళ్లు మండిపోతంది.

దాని మీద ఉంగరం అబద్ధం. దాని మీద తుపాకీ.

నాకు తుపాకీ వద్దు. తుపాకీ ఎప్పుడూ తలుపుకి లోపలున్నోడి సేతిలోనే ఉంటాది, నేను రెండుసార్లు సూసినాను. నేను వదిలేసి పోతాననుకున్నావు. ఎక్కడికి పోతాను? అన్నియ్య ఇంటికా? ఆడి తలుపుకీ గొళ్లెం ఉంది. ఆ కొట్టు నాది కూడా. సగం మంది నా మొకం సూసి వస్తారు.

సోమవారం నుంచి కొట్టుకి వస్తాను. నీ కుర్సీలో నేను కూర్సుంటాను, బొత్తాలు నా కాడ. వాటికి ఎడమ బొటనవేలు సాలు. మిషనోణ్ణి పిలిపించి నంబరు మార్పించినాను, అది నా ఒక్కదానికే తెలుసు. రెండు తలుపుల మధ్య ఒక స్టూలు ఏయించినాను. అది నీది. వచ్చినోళ్లకి వీధి తలుపు నువ్వు తియ్యి. లోపలి తలుపు ఎవరికి తియ్యాలో నేను సూసుకుంటాను.

కాదంటే స్టూలు ఖాళీగా ఉంటాది. నీ ఇష్టం.

నాగవల్లి

•

జార్జ్ టౌన్,
3 మే.

నాగవల్లికి,

పంది సంగతి నిజం. ముప్పై ఎనిమిదేళ్లుగా నీ చిటికెనవేలు చూసినప్పుడల్లా తల తిప్పుకున్నాను. ఆగస్టులో ఆపరేషన్‌కి వస్తాను. ఆస్పత్రి గది బయట బెంచీ మీద కూర్చుంటాను. పిలిస్తేనే లోపలికి వస్తాను.

వాణ్ణి మాత్రం నేను క్షమించను. అది నీ పని కాదు, నా పని.

అన్నియ్య

•

క్లాంగ్,
14 మే.

బావగారికి,

ఈ ఉత్తరం మామూలు కాయితం మీద రాస్తున్నాను. కింద కార్బన్ లేదు.

మీ నాన్నగారి తుపాకీ రసీదు మీరు దాచుకున్నారు కదా, దాని పక్కన ఇదీ పెట్టుకోండి. నా పిస్టల్‌ని, లెసెన్‌ని బాలైలో అప్పగించాను. జిరాక్సు జత చేశాను. మిషను మొరాయించలేదని అక్కడ రాసిచ్చాను కూడా. మెచ్చుకున్న ఇన్‌స్పెక్టరు ఈసారి తలెత్తి చూడలేదు. మీరు క్షమించనన్న ఉత్తరం నాగవల్లి నాకు చదివి వినిపించింది. చక్కగా చదువుతుంది, ఎక్కడా తడబడలేదు.

రెండు వారాలుగా స్టూలు మీదే ఉన్నాను. ఎండ సూటిగా పడుతుంది. వచ్చేవాళ్లు కావలివాణ్ణనుకుంటారు, తెలిసినవాళ్లు నవ్వుతారు. నరసమ్మగారు నిన్న మనవరాలితో వచ్చింది. నన్ను దాటి అద్దం ముందు నిలబడింది. నాగవల్లి ఆమెకి వెంటనే తలుపు తీసింది.

నాకు నంబరు లేదు. భోజనానికి లోపలికి వెళ్లాలంటే గంట కొట్టి అద్దం ముందు నిలబడతాను. నాగవల్లి తలెత్తి నా మొహం చూస్తుంది. చేతిలో పని పూర్తి చేసుకుంటుంది. ఒక్కోరోజు నాలుగు నిమిషాలు పడుతుంది, గోడ గడియారం నాకు కనపడుతుంది. తర్వాత బొత్తాం నొక్కుతుంది.

ఇప్పటిదాకా ప్రతిరోజూ నొక్కింది.

మోహన్‌రాజ్